‘లుక్ ఆఫ్టర్’ – చూసుకునేది ఎవరు?

ఆంగ్లం నేర్చుకునే పిల్లలను తికమకపెట్టేవి పెద్ద పెద్ద పదాలు కావు. పెద్ద పదానికి నిఘంటువులో అర్థం దొరుకుతుంది. గెట్, పుట్, టేక్, లుక్ వంటి చిన్న క్రియలకు అప్, ఆఫ్, ఫర్, ఆఫ్టర్ వంటి మరింత చిన్న మాటలు తోడైనప్పుడే అసలు ఇబ్బంది మొదలవుతుంది. ‘లుక్’ అంటే చూడటం, ‘ఆఫ్టర్’ అంటే తర్వాత లేక వెనుక. రెండూ కలిస్తే ‘తర్వాత చూడటం’ కావాలి. కానీ ‘లుక్ ఆఫ్టర్’ అంటే సంరక్షించడం, బాగోగులు చూసుకోవడం. విడివిడి పదాల అర్థాలను కూడితే రాని కొత్త అర్థమిచ్చే ఇలాంటి జంటలను ఆంగ్ల వ్యాకరణంలో ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటారు.

వందలాది జంటల్లో ఈ ఒక్కదానినే మేము ఎన్నుకోవడానికి కారణం ఉంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి ప్రాంతాల ముస్లిం ఇళ్లలో పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఆంగ్లం మాట్లాడతారు. ఈ ప్రాంతం నుండి మగవారు దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు జీవనోపాధి కోసం వెళ్తున్నారు. కనుక వృద్ధులైన తల్లిదండ్రులను, చిన్నపిల్లలను చూసుకోవడం అనేది మన ఇళ్లలో ప్రతిరోజూ ఎదురయ్యే విషయం. ఆ విషయాన్ని ఆంగ్లం ఏ విధంగా చెబుతుందో, మన భాషలు ఏ విధంగా చెబుతాయో పక్కపక్కన పెట్టి చూస్తే భాషతో పాటు మరో పాఠం కూడా దొరుకుతుంది.

అర్థాలు, వాడుక

‘లుక్ ఆఫ్టర్’కు నిత్యజీవితంలో ముఖ్యంగా నాలుగు వాడుకలు ఉన్నాయి.

మొదటిది, మనుషుల సంరక్షణ. ‘షీ లుక్స్ ఆఫ్టర్ హర్ మదర్-ఇన్-లా’ అంటే ఆమె తన అత్తగారిని చూసుకుంటుంది. అన్నం పెట్టడం, మందులు ఇవ్వడం, పక్క సర్దడం, పలకరించడం అన్నీ ఇందులో ఉన్నాయి.

రెండవది, వస్తువుల జాగ్రత్త. ‘హీ లుక్స్ ఆఫ్టర్ హిజ్ బుక్స్’ అంటే పుస్తకాలను చిరిగిపోకుండా కాపాడుకుంటాడు. బస్టాండులో టికెట్టు తేవడానికి వెళ్తూ పక్కవారితో ‘ప్లీజ్ లుక్ ఆఫ్టర్ మై బ్యాగ్’ అంటే కాసేపు నా సంచి కనిపెట్టి ఉండండి అని.

మూడవది, పని బాధ్యత. ‘హూ లుక్స్ ఆఫ్టర్ దిస్ సెక్షన్?’ అంటే ఈ విభాగం ఎవరు చూస్తారు అని. కార్యాలయాల్లో తరచుగా వినిపించే వాక్యమిది.

నాలుగవది, తన ఆరోగ్యం తాను చూసుకోవడం. ‘లుక్ ఆఫ్టర్ యువర్‌సెల్ఫ్’ అని ఊరు వెళ్లేవారికి చెబుతారు. మన ప్రాంతంలో ‘పయిలం బిడ్డా’ అని పెద్దలు చెప్పే మాటకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

నిర్మాణంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఈ జంటను విడదీయకూడదు. ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలే గాని ‘లుక్ హర్ ఆఫ్టర్’ అనకూడదు. రెండు, ‘ఆఫ్టర్’ను వదిలేయకూడదు. ‘మై బ్రదర్ లుక్స్ మై ఫాదర్’ అని మన పిల్లలు తరచుగా రాస్తుంటారు. తెలుగులో ‘నాన్నను అన్న చూస్తాడు’ అనే వాక్యం చెల్లుతుంది కాబట్టి ఈ పొరపాటు సహజమే. కానీ ఆంగ్లంలో ఆ ‘ఆఫ్టర్’ లేకపోతే సంరక్షణ అర్థమే పోతుంది. వాక్యాన్ని తిరగేసి చెప్పినప్పుడు కూడా అది వెంట ఉండాల్సిందే. ‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ వెల్ లుక్ట్ ఆఫ్టర్’ అంటే మా దాదీ బాగోగులకు లోటు లేదు అని అర్థం.

ఒక్క ‘చూసుకో’, ఎన్నో ఆంగ్ల మాటలు

తెలుగులో ‘చూడు’కు ‘కొను’ చేరి ‘చూసుకొను’ అవుతుంది. వండటం వేరు, వండుకోవడం వేరు. చదవడం వేరు, చదువుకోవడం వేరు. ‘కొను’ చేరగానే ఆ పని మన సొంతమవుతుంది. ఆంగ్లం ‘ఆఫ్టర్’ ద్వారా సాధించినదాన్ని తెలుగు ‘కొను’ ద్వారా సాధించింది.

అయితే ‘చూసుకో’ అనే ప్రతి చోటా ‘లుక్ ఆఫ్టర్’ పెట్టడం కుదరదు. ‘ఏదైనా ఉద్యోగం చూసుకో’ అన్నప్పుడు అది వెతకడం. అక్కడ ‘లుక్ ఫర్’ అనాలి. ‘లుక్ ఆఫ్టర్ ఎ జాబ్’ అని ఇంటర్వ్యూలో చెబితే ఎదుటివారికి అర్థం కాదు. ‘అబ్బాయికి పిల్లను చూస్తున్నారు’ అన్నా వెతకడమే, కాబట్టి అక్కడ కూడా ‘లుక్ ఫర్’ రావాలి. ‘చూసుకొని నడువు’ అంటే హెచ్చరిక. అక్కడ ‘వాచ్ యువర్ స్టెప్’ అంటారు. ప్రమాదం మీదికి వచ్చిన క్షణంలో అరవాల్సి వస్తే ‘లుక్ అవుట్’ అంటారు. ‘లెక్క ఒకసారి చూసుకో’ అంటే సరిచూడటం, అది ‘చెక్’. ‘నీ పని నువ్వు చూసుకో’ అని విసుగుతో అంటే ‘మైండ్ యువర్ ఓన్ బిజినెస్’.

ఇక కోపంలో ‘నీ సంగతి చూసుకుంటా’ అనే మాట ఉండనే ఉంది. దీనిని యథాతథంగా ‘ఐ విల్ లుక్ ఆఫ్టర్ యూ’ అని చెబితే బెదిరింపు కాస్తా ‘నీ బాగోగులు నేను చూసుకుంటాను’ అనే అభయమవుతుంది! ఉర్దూలోనూ ఇదే విచిత్రం ఉంది. ‘ఖబర్ లేనా’ అంటే యోగక్షేమాలు విచారించడం. అదే మాట కోపంతో అంటే గట్టిగా మందలించడం.

‘లుక్ ఆఫ్టర్’కు దగ్గరి చుట్టాలు కొన్ని ఉన్నాయి. ‘టేక్ కేర్ ఆఫ్’ దాదాపు ఇదే అర్థమిస్తుంది. కానీ అది ఇంకొంచెం విశాలం, ఒక పనిని పూర్తిచేసే బాధ్యత తీసుకోవడానికి కూడా వాడతారు. ‘కరెంటు బిల్లు సంగతి నేను చూస్తాను’ అనాలంటే ‘ఐ విల్ టేక్ కేర్ ఆఫ్ ద బిల్’ బాగుంటుంది. ‘బ్రింగ్ అప్’ అంటే పిల్లలను పెంచి పెద్దచేయడం, మన తెలంగాణలో ‘సాదుడు’ అంటామే, అది. ‘టేక్ ఆఫ్టర్’ మాత్రం రూపంలో దగ్గర, అర్థంలో దూరం. ‘షీ టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్’ అంటే ఆమెకు తల్లి పోలిక వచ్చిందని. పరీక్షల్లో ఈ రెండింటినీ కలగాపులగం చేసే విద్యార్థులు ఎందరో ఉంటారు.

మన మాటల్లో సంరక్షణ

ఒకప్పుడు ఆంగ్లంలో ‘లుక్ ఆఫ్టర్’కు మరో అర్థం కూడా ఉండేది. వెళ్లిపోతున్న మనిషి వెనుక చూపు సారించడమని. శంషాబాద్ విమానాశ్రయం ద్వారం దగ్గర కొడుకు కనుమరుగయ్యే దాకా నిలబడే తల్లులను ఎరిగినవారికి ఈ అర్థం వివరించనక్కరలేదు. చూపు ఒకరి వెంటే ఉండటమనే భావం నేటి అర్థంలోనూ మిగిలి ఉంది.

మన భాషల్లోని మాటలు ఇదే భావాన్ని తలా ఒక వైపు నుండి పట్టుకున్నాయి. ‘అర్సుకొనుడు’ అనే తెలంగాణ మాటలో మంచిచెడులు అడిగి తెలుసుకోవడం ఉంది. ఉర్దూలోని ‘ఖబర్‌గీరీ’లోనూ ఉన్నది అదే, కబురు తీసుకోవడం. ‘ఖయాల్ రఖ్‌నా’ అంటే తలపులో నిలుపుకోవడం. ‘కనిపెట్టి ఉండటం’ అంటే చూపు నిలిపి ఉంచడం. చూపు, తలపు, పలకరింపు – ఈ మూడూ కలిస్తేనే సంరక్షణ పూర్తవుతుందని ఈ మాటలు చెప్పకనే చెబుతున్నాయి.

అరబీ భాషలో ‘రఆ’ అనే క్రియకు మేపడం, కాచుకోవడం అని అర్థం. కాపరిని ‘రాఈ’ అంటారు. కాపరి సంరక్షణలో ఉన్న మందను, అదే విధంగా పాలకుని సంరక్షణలో ఉన్న ప్రజలను ‘రయ్యత్’ అంటారు. ఈ మాటే ఫార్సీ, ఉర్దూల గుండా పాలనా కాగితాల్లోకి వచ్చి, భూమి దున్నే వానికి పేరై, తెలుగులో ‘రైతు’గా స్థిరపడింది. మనం రోజూ పలికే రైతు అనే పదం వేరులో ‘ఇతరుల సంరక్షణలో ఉన్నవాడు’ అనే అర్థం దాగి ఉంది. అదే సేద్యగానికి తెలుగువారు పెట్టుకున్న మరో పేరు ‘కాపు’, కాచేవాడు. లోకానికి అన్నం పెట్టేవానిని ఒక మాట సంరక్షణ పొందేవాడంది, మరొక మాట సంరక్షించేవాడంది.

బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఉన్న ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (స) ఈ ‘రాఈ’ అనే మాటనే ఉపయోగించారు. పాలకుడు మొదలుకొని ఇంటి పురుషుడు, ఇంటి స్త్రీ, సేవకుడు వరకు ప్రతి ఒక్కరూ ఒక కాపరే అనీ, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందనీ దాని సారాంశం. ఇందులో గమనించదగినది ఏమిటంటే, అక్కడ బాధ్యత గాలిలో లేదు. ఎవరిది ఏ బాధ్యతో వేర్వేరుగా చెప్పబడింది.

కర్త లేని వాక్యం

‘అమ్మను బాగా చూసుకోవాలి.’ తెలుగులో ఇది నిండైన వాక్యం. ఎవరు చూసుకోవాలి? వాక్యంలో లేదు. నేను, నువ్వు, వాళ్లు, ఎవరైనా సరే ‘చూసుకోవాలి’ అనే క్రియారూపం మారదు. ఉర్దూలో ‘అమ్మీ కా ఖయాల్ రఖ్‌నా చాహియే’ అన్నా ఇంతే. ఇదే మాటను ఆంగ్లంలో చెప్పబోతే నోరు ఆగిపోతుంది. ‘మస్ట్ లుక్ ఆఫ్టర్ అవర్ మదర్’ అంటే వాక్యం కాదు. ముందు ‘ఐ’ గాని, ‘యూ’ గాని, ‘హీ’ గాని, ‘షీ’ గాని రావాలి. ఈ రూపంలో ఎవరో ఒకరిని కర్తగా చెప్పకుండా వాక్యాన్ని మొదలుపెట్టడం కుదరదు.

ఇది ఆంగ్లం గొప్పతనమని మేము చెప్పడం లేదు. కర్తను చెప్పకుండా మాట్లాడటం మన భాషల్లో మర్యాద, సౌలభ్యం కూడా. కానీ ఇంటి పెద్దల విషయంలో నలుగురు అన్నదమ్ములు కూర్చొని ‘అమ్మను బాగా చూసుకోవాలి’ అని తలలూపి లేచిపోయినప్పుడు, ఆ వాక్యంలో లేని కర్త ఆ ఇంట్లోనూ లేకుండా పోతాడు. ఎవరూ కాదనలేదు, ఎవరూ పూనుకోలేదు. చివరికి ఆ భారం మాట్లాడని మనిషి మీద, అంటే కోడలి మీదనో, పెళ్లికాని కూతురి మీదనో పడుతుంది.

ఇక్కడ ఆంగ్లం చూపే మరో తేడా మనకు ఉపకరిస్తుంది. ఖర్చులు భరించి పోషించడాన్ని ‘ప్రొవైడ్ ఫర్’ అంటారు. దగ్గరుండి చూసుకోవడాన్ని ‘లుక్ ఆఫ్టర్’ అంటారు. దుబాయిలోనో, సౌదీలోనో ఎండలో పనిచేసి నెలనెలా డబ్బు పంపే కొడుకు తల్లిదండ్రులకు ‘ప్రొవైడ్’ చేస్తున్నాడు. ఆ డబ్బుతో మందులు తెచ్చి, షుగర్ పరీక్షకు తీసుకెళ్లి, రాత్రి దగ్గు వినిపిస్తే లేచి నీళ్లు ఇచ్చే మనిషి ‘లుక్ ఆఫ్టర్’ చేస్తున్నది. మన మాటల్లో ఈ రెండూ ‘చూసుకోవడమే’. అందుకే ఊరివారు ‘కొడుకు తల్లిదండ్రులను ఎంత బాగా చూసుకుంటున్నాడు’ అంటారు. అది అబద్ధం కాదు. అతని కష్టం చిన్నది కాదు. కానీ అది సగం వాక్యమే. ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతూనే, మధ్య మధ్య లేచి అత్తగారిని చూసుకునే ఆడపడుచులు ఉత్తర తెలంగాణలో ఎందరో ఉన్నారు. వారి పేరు ఆ వాక్యంలో లేదు.

షరీఅతు దృష్టిలోనూ ఈ తేడా ముఖ్యమైనది. తల్లిదండ్రుల పోషణ బాధ్యత వారి సంతానానిది. అత్తమామల సేవ కోడలి మీద ఆ రూపంలో విధించబడలేదనీ, ఆమె చేసేది సౌజన్యం, ఇహ్సాన్ అనీ ధర్మవేత్తలు వివరించారు. కనుక ఆమె సేవను హక్కుగా గుంజుకోవడం కాక, మేలుగా గుర్తించి కృతజ్ఞత చూపడం కొడుకు విధి. దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలోని 23, 24 ఆయతులు వృద్ధ తల్లిదండ్రుల పట్ల విసుగు మాటను సైతం వారించాయి. అక్కడ వారు సంతానం ‘దగ్గర’ ముసలితనానికి చేరుకోవడం ప్రస్తావనకు వచ్చింది. దూరాన ఉన్నవారు ఆ దగ్గరితనాన్ని రోజూ ఫోనులో పలకరించడం ద్వారా, సెలవులో వచ్చినప్పుడు స్వయంగా సేవ చేయడం ద్వారా కొంతైనా నెరవేర్చగలరు.

కాగితం మీద ఈ మాట

‘చూసుకోవడం’ ఇంటి మాటగా ఉన్నంతకాలం ప్రేమతో నడుస్తుంది. అదే కాగితం మీదికి ఎక్కినప్పుడు మాత్రం స్పష్టత కావాలి.

ఇంటి పనికోసం విదేశాలకు వెళ్లేవారి ఒప్పందాల్లో ‘లుక్ ఆఫ్టర్ ద చిల్డ్రన్’, ‘లుక్ ఆఫ్టర్ ద హౌస్’ వంటి మాటలు కనిపిస్తాయి. వినడానికి తేలిక, కానీ ఆ మాటకు హద్దు లేదు. ఎంతమంది పిల్లలు? వంట కూడా చేయాలా? రాత్రి లేవాలా? వారానికి సెలవు ఉన్నదా? ఇవన్నీ సంతకానికి ముందే అడిగి రాయించుకోవాలి. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారి పనిని రోజుకు 12 గంటలకు మించకుండా పరిమితం చేసి, వారపు సెలవును ఇచ్చింది. యూఏఈ 2022లో తెచ్చిన చట్టం రోజుకు కనీసం 12 గంటల విశ్రాంతిని, అందులో 8 గంటలు ఎడతెగకుండా ఇవ్వాలని చెప్పింది. ‘లుక్ ఆఫ్టర్’ అని సంతకం చేసినంత మాత్రాన ఇరవైనాలుగు గంటల చాకిరీకి ఒప్పుకున్నట్లు కాదు. ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటు ద్వారా తప్ప ఈ ప్రయాణానికి పూనుకోరాదు.

రెండవ కాగితం మన ఊళ్లోనే ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. ఆ చట్టంలో ‘పోషణ’ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. ‘సంతానం’ అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు, వీరిలో మైనర్లు తప్ప. ఆ జాబితాలో కోడలు లేదు. పోషణ దొరకని తల్లిగాని తండ్రిగాని ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణ భత్యం నిర్ణయించే వీలు చట్టంలో ఉంది. తన సంరక్షణలో ఉన్న వృద్ధులను ఎక్కడైనా వదిలించుకొని వెళ్లేవారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సలహాకు, సహాయానికి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

అదే చట్టంలోని 23వ సెక్షన్‌ను ఇల్లు, పొలం పిల్లల పేర రాసిచ్చే పెద్దలు తప్పక తెలుసుకోవాలి. తమ కనీస అవసరాలు తీర్చాలనే షరతుతో ఆస్తి రాసిచ్చి, ఆ షరతు నెరవేరకపోతే ఆ బదిలీని రద్దు చేయమని కోరవచ్చు. అయితే అలాంటి షరతు ఉన్నదని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక తీర్పులో స్పష్టం చేసింది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగే విధంగా ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో మరొక తీర్పులో చెప్పింది. ‘వాడు చూసుకుంటాడులే’ అనే నమ్మకం మంచిదే. కానీ ఎవరు, ఏమేమి చూసుకుంటారో దస్తావేజులో రాసి ఉండటం ఇంకా మంచిది. హిబా చేసేవారు ముందుగా ధర్మవేత్తను, న్యాయవాదిని కూడా సంప్రదించడం మేలు.

ఇంట్లో అభ్యాసం

ఈ ఫ్రేజల్ వెర్బ్‌ను పిల్లలకు నేర్పడానికి వేరే పుస్తకం అవసరం లేదు. రాత్రి భోజనాల వేళ నాలుగు ప్రశ్నలు అడగండి. ‘హూ లుక్స్ ఆఫ్టర్ దాదీ ఇన్ ద మార్నింగ్?’ – ఉదయం దాదీని ఎవరు చూసుకుంటారు? ‘హూ లుక్స్ ఆఫ్టర్ హర్ మెడిసిన్స్?’ – ఆమె మందుల సంగతి ఎవరు చూస్తారు? ‘హూ లుక్స్ ఆఫ్టర్ ద బేబీ వెన్ అమ్మీ ప్రేస్?’ – అమ్మీ నమాజు చేసేటప్పుడు పాపను ఎవరు చూసుకుంటారు? చివరగా, ‘అండ్ హూ లుక్స్ ఆఫ్టర్ అమ్మీ?’

ప్రతి జవాబులో ఒక పేరు రావాలనేదే ఈ అభ్యాసంలో నియమం. ‘అందరం’ అనే జవాబు చెల్లదు. ఒకే పేరు పదే పదే వస్తున్నట్లయితే, ఆ ఇంట్లో పని పంచుకోవాల్సిన అవసరం ఉన్నదని పిల్లలే గ్రహిస్తారు. కొడుకులకు కూడా ఒక పూట మందులు ఇచ్చే పని, నీళ్ల సీసా నింపే పని అప్పగించండి. నాలుగవ ప్రశ్నకు ఎవరి పేరూ రాని ఇళ్లు మనలో తక్కువేమీ కావు. ఆ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాల్సినవారు ఇంటి మగవారు, ఫోనులో అవతలి వైపు ఉన్నవారితో సహా.

పిల్లలు ఎవరి పోలికతో పుడతారనేది మన చేతుల్లో లేదు. కానీ ఎవరి నడవడిని చూసి నేర్చుకుంటారనేది చాలావరకు మన చేతుల్లోనే ఉంది. దాదీకి మంచినీళ్లు అందించిన తండ్రిని చూసిన కొడుకు, రేపు తన తండ్రికి అందిస్తాడు. వాడికి ‘లుక్ ఆఫ్టర్’ అర్థం మనం వేరుగా చెప్పనక్కరలేదు.